అనిమోన్ ట్యాంకు డైరీ: హైదరాబాద్‌లో సముద్రపు నీళ్లు నిలబెట్టడం

జూలై మొదటి వారం

అక్వేరియం ట్యాంకు స్టాండు ఎక్కింది. పొడవు 3 అడుగులు, వెడల్పూ ఎత్తూ అడుగున్నర. కింద సంపు, అంటే నీళ్లు వడకట్టే రెండో తొట్టి. రాళ్లూ ఇసుకా తీసేస్తే మొత్తం నీళ్లు 200 లీటర్ల దగ్గర తేలాయి. ఆ అంకె పెద్దక్షరాలతో రాసి స్టాండు తలుపు లోపల అంటించాను. ఇకపై ఏ లెక్క వేసినా దాని మీదే.

చివరికి ఇందులో ఉండాల్సింది ఒక బబుల్ టిప్ అనిమోన్ (రాయికి అంటుకుని బతికే, పువ్వులా కనిపించే మెత్తటి సముద్రపు జంతువు, చుట్టూ వేళ్లలాంటి టెంటకిల్స్ ఉంటాయి), అనిమోన్లలో కాపురముండే క్లౌన్ చేపలు ఒక జత. పగడాల జోలికి పోవడం లేదు. రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, అందుకే రాళ్లు కూడా సముద్రం నుంచి తీసినవి కాకుండా సిరామిక్‌వి తీసుకున్నాను.

ఈ ప్రాజెక్టు మొత్తం నీళ్ల గురించే ఎందుకంటే, చేపకి మొప్పలూ మూత్రపిండాలూ ఉన్నాయి, ఒంట్లో ఉప్పెంత ఉండాలో అది సర్దుకుంటుంది. అనిమోన్‌కి ఆ ఏర్పాటు లేదు. బయటి నీళ్లలో ఉప్పు మారితే దాని ఒంట్లోనూ మారుతుంది. నోటితో నీళ్లు లోపలికి తీసుకుని ఉబ్బుతుంది, వదిలేసి ముడుచుకుంటుంది. నీళ్లే దాని ఎముకలు అనుకోవచ్చు. అందుకని నేను పెట్టుకున్న గురి పర్ఫెక్ట్ అంకెలు కాదు, కదలని అంకెలు. లవణీయత 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 ఉప్పు), ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, ఆల్కలినిటీ (పీహెచ్ ఊగకుండా ఆపే బైకార్బొనేట్ల బలం, డీకేహెచ్ దాని కొలత) 8 డీకేహెచ్, నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల్లో భాగాలు), ఫాస్ఫేట్ 0.05 అటూ ఇటూ. వీటిలో ఏదైనా కొంచెం ఎక్కువో తక్కువో అయినా ఫర్వాలేదు, సోమవారం ఒకటి గురువారం ఒకటి ఉండకూడదు.

జూలై రెండో వారం

నీళ్ల సంగతి తేల్చుకోవాలి. "ఇంత తంటా ఎందుకురా, వైజాగ్‌లో బాబాయి ఉన్నాడుగా, డ్రమ్ముల్లో పంపిస్తాడు" అంది అమ్మ. ఒడ్డు నీళ్లు నాకు ససేమిరా ఇష్టం లేదు. ఊరి మురుగు, పడవల డీజిల్ ఒక భయం. ఉప్పు ఏడాది పొడవునా ఒకేలా ఉండకపోవడం అంతకంటే పెద్ద భయం. వానాకాలం ముగిసేటప్పుడు గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చి పోసిన మంచినీళ్లు తీరం వెంట దక్షిణానికి దిగుతాయి. అక్టోబర్, నవంబర్లలో వైజాగ్ ఒడ్డున లవణీయత బాగా పడిపోతుంది. డ్రమ్ము డ్రమ్ముకీ తేడా వస్తే నా గురి మొదట్లోనే దెబ్బతింటుంది.

వంటింటి ఉప్పుతో పని జరగదు. సముద్రపు లవణాల్లో 85 శాతం దాకా సోడియం, క్లోరైడే అయినా, మిగతా భాగంలో ఉన్న మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేట్ లేకపోతే అది ఉప్పునీళ్లే అవుతుంది కానీ సముద్రం కాదు. అందుకని రీఫ్ సాల్ట్ తెప్పించాను, లీటరుకి 36 నుంచి 38 గ్రాములు పడుతుంది. బకెట్ కొనే ముందు చూసుకోవాల్సింది దాని ఆల్కలినిటీ. కొన్ని రకాలు కలిపితే 11, 12 డీకేహెచ్ వస్తుంది. పగడాలు పెంచేవాళ్లకి అది పనికొస్తుంది, 8 దగ్గర నడిచే నా ట్యాంకుకి ప్రతి వాటర్ చేంజ్ ఒక కుదుపు అవుతుంది. 8కి దగ్గరగా వచ్చే రకం తీసుకున్నాను.

మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 800 చిల్లర. తాగే నీళ్ల ఆర్‌ఓ మెషీన్ నీళ్లు దీనికి పనికిరావు. వాటిలో చాలావరకు టీడీఎస్ కంట్రోలర్ పేరుతో కొంచెం ముడి నీళ్లు తిరిగి కలుపుతాయి, పైగా మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. విడిగా ఒక ఆర్‌ఓ మెంబ్రేన్, దాని వెనక డీఐ రెసిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికలు) పెట్టించాను. మెంబ్రేన్ దాటాక 40, రెసిన్ దాటాక 0. ఇత్తడి ఫిట్టింగులన్నీ తీయించి ప్లాస్టిక్ వేయించాను. ఇత్తడి నుంచి రాగి దిగుతుంది, వెన్నెముక లేని ప్రాణులకి రాగి విషం.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ ద్రావణంతో సరిచేశాను. చాలామంది డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా దగ్గర సరిచేసి వదిలేస్తారు. కొలవాల్సింది 35 దగ్గర, సరిచేయాల్సిందీ అక్కడే.

ఆగస్టు నుంచి జనవరి

రాయడానికి పెద్దగా ఏమీ లేని నెలలు. అమోనియం క్లోరైడ్ వేసి సైకిల్ నడిపించాను, అంటే అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాని పెంచాను. అమోనియా లేచి పడింది, నైట్రైట్ లేచి పడింది, నైట్రేట్ మిగిలింది. తర్వాత క్లౌన్ జత వచ్చింది, హేచరీలో పుట్టిన ఒసెల్లారిస్ జాతివి. మన దేశంలో క్లౌన్ చేపల పిల్లల్ని పుట్టించే పద్ధతులు తమిళనాడులోని మండపం ఊళ్లో ఉన్న సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు ఎప్పుడో అభివృద్ధి చేశారు, సముద్రంలో పట్టినవి కొనాల్సిన అవసరం లేదు.

అద్దం మీద గోధుమ రంగు డయాటమ్స్ (కంటికి విడిగా కనపడనంత చిన్న నాచు) వచ్చాయి, పోయాయి. తర్వాత ఆకుపచ్చ నాచు. ఆ తర్వాత సంపు పైపుల మీద కోరలైన్ అనే గట్టి పెంకులాంటి నాచు ఊదారంగు చుక్కలు. అనిమోన్ కోసం ఆరు నెలలైనా ఆగమని అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది ఈ వరస పూర్తి కావడానికే. బ్యాక్టీరియా కుదురుకోని ట్యాంకులో ఈ రోజు రీడింగు రేపటికి ఉండదు.

ఆగే ఓపిక కోసం నేను తరచూ తలుచుకునేది ఎడిన్‌బరో అనిమోన్ కథ. సర్ జాన్ గ్రాహం డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828లో స్కాట్లండ్‌లోని నార్త్ బెర్విక్ దగ్గర ఒక చిన్న అనిమోన్‌ని తెచ్చి ఎడిన్‌బరోలో గాజు సీసాలో పెట్టుకున్నారు. ఆయన 1851లో పోయారు. అది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ 1887 దాకా బతికింది. అందరూ దాన్ని గ్రానీ అనేవాళ్లు. మోటారు లేదు, మురికిని నురగగా తీసే స్కిమ్మర్ లేదు, టెస్ట్ కిట్ లేదు. ఉన్నదల్లా వేళ తప్పకుండా సముద్రపు నీళ్లు మార్చే మనిషి. అది చల్లటి నీళ్లలో బతికే, వెలుతురు మీద ఆధారపడని జాతి, నాది పగడపు దిబ్బల జాతి. అయినా 59 ఏళ్లు అంటే మాటలు కాదు.

ఫిబ్రవరి

తార్నాకలో ఉండే ఒక మిత్రుడి ట్యాంకులో బబుల్ టిప్ రెండుగా చీలింది. అందులో ఒకటి నాకు ఇచ్చారు. రాయి మీంచి లాగితే దానికి అంటుకున్న పాదం చిరుగుతుంది, చిరిగిన పాదం కుళ్లితే ఇక చేసేదేం లేదు. ఆయన అలా లాగకుండా, ఐస్ ముక్క వేసిన చిన్న కవర్‌ని పాదం పక్కన ఆనించి, అదే వదిలేదాకా కూర్చున్నారు. "అన్నా, పెట్టేశాక చెయ్యి పెట్టకు. దాని చోటు అదే వెతుక్కుంటుంది" అన్నారు ఇచ్చేటప్పుడు.

ఆయన నీళ్లు 33 పీపీటీ, నావి 35. సన్నటి ట్యూబుకి ముడి వేసి, చుక్కలుగా నా నీళ్లు గంటకు పైగా దింపాను. మొదట్లో డబ్బా అడుగున ముద్దలా పడి ఉంది, నోరు మాత్రం బిగించి ఉంది. అదొక్కటే ఆ గంటలో నాకు ధైర్యం. నోరు వదులుగా తెరుచుకుని లోపలి పొరలు బయటికి వేలాడితే ఆశ వదులుకోవాల్సిందే. నీళ్లు సగానికి పైగా మారాక పాదం అంచు డబ్బా గోడకి అంటింది, తర్వాత ఒక్కొక్క టెంటకిల్ నీళ్లు పట్టి లావెక్కడం మొదలైంది. కొన్నిటి కొనలకి కొంచెం కింద బుడగ ఏర్పడింది, బుడగ పైన చిన్న ఎర్రటి మొన.

వేవ్‌మేకర్లకి, అంటే నీళ్లని కదిపే ఫ్యాన్లకి, ముందే స్పాంజి గార్డులు తొడిగాను. అనిమోన్ నడుస్తుంది. నడిచే అనిమోన్ ఫ్యాన్‌లో పడితే అదొక్కటే పోదు, ముక్కలైన ఒళ్లు కుళ్లి అమోనియా లేచి చేపలూ పోతాయి. మొదటి రాత్రి రాయి వెనక్కి వెళ్లింది, రెండు రోజులకి ముందువైపు ఒక సందులో పాదం దించి, ముఖం లైటు వైపు పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

క్లౌన్లు దాని జోలికి రాలేదు. సముద్రంలో ఒసెల్లారిస్ బబుల్ టిప్‌లో కాపురం పెట్టదు, ట్యాంకుల్లో మాత్రం అలవాటు పడతాయంటారు. చూద్దాం.

మార్చి

అనిమోన్ రంగు వెలిసినట్టు అనిపించింది. లైటు మార్చలేదు, ఉప్పు కదల్లేదు. నైట్రేట్ కిట్‌లో గులాబీ రంగు ఛాయ కూడా రాలేదు. ఫాస్ఫరస్ కొలిచే చెకర్ 2 పీపీబీ (వంద కోట్లలో భాగాలు) చూపించింది. దాన్ని 3.066తో గుణిస్తే ఫాస్ఫేట్ 0.006 పీపీఎం, అంటే లేనట్టే. నైట్రేట్, ఫాస్ఫేట్ పీల్చడానికి సంపులో రాత్రి లైటు కింద పెంచుతున్న కీటో అనే నాచు ఏపుగా పెరిగి అంతా తినేసింది.

నీళ్లు ఎంత ఖాళీగా ఉంటే అంత శుభ్రం అనే లెక్క ఇక్కడ చెల్లదు. అనిమోన్ కణాల్లో కాపురముండే జూజాంథెల్లే నాచే దానికి ఎక్కువ భాగం ఆహారం వండిపెడుతుంది, ఆ నాచుకీ నైట్రోజన్, ఫాస్ఫరస్ కావాలి. సంపు లైటు వేళలు సగానికి తగ్గించాను, కీటోలో మూడోవంతు తీసేశాను, చేపలకి మేత కొంచెం పెంచాను. అన్నీ ఒకేసారి తిరగేయకుండా వారానికి ఒకటి చొప్పున. నెలాఖరుకి నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.04. రంగు తిరిగి వస్తోంది, ముందు బుడగల కింద, తర్వాత నోటి చుట్టూ ఉండే పళ్లెంలాంటి భాగం మీద.

మేతగా వారానికోసారి గోరు సైజు రొయ్య ముక్క. అంతకంటే పెద్దది పెడితే మర్నాడు జిగురు ఉండలా బయటికి కక్కుతుంది, అది సమయానికి తీయకపోతే నీళ్ల పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఇదే నెలలో ఆల్కలినిటీ 8 నుంచి 7.2కి దిగింది. అనిమోన్ అస్థిపంజరం కట్టదు కాబట్టి అది వాడుకోదు, కోరలైన్ నాచు వాడుకుంటోంది. 200 లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి దాదాపు 6 గ్రాముల వంట సోడా చాలు. బేకింగ్ పౌడర్ కాదు, వంట సోడానే. రోజుకి 2 గ్రాములు మించకుండా కరిగించి సంపులో పోశాను. టెస్ట్‌లో చుక్క చుక్కా వేస్తూ సీసా తిప్పుతుంటే నీలం పోయి గులాబీ తిరిగే చోటు ఒకటుంటుంది. ఒక చుక్క ముందు ఊదా, ఆ చుక్క పడగానే గులాబీ. అక్కడ తొందరపడితే అర డీకేహెచ్ తేడా వస్తుంది, అందుకే తెల్ల కాగితం ముందు పెట్టి చూస్తున్నాను.

ఏప్రిల్, మే

ఈ ప్రాజెక్టులో అసలు పరీక్ష ఇప్పుడు. మధ్యాహ్నం హాల్లో 34 డిగ్రీలు. మూత తీసి రెండు ఫ్యాన్లు నీళ్ల మీదికి తిప్పితే ట్యాంకు 27 దగ్గర ఆగింది. హైదరాబాద్ ఎండ పొడి ఎండ కావడం మన అదృష్టం. 1 లీటరు నీళ్లు ఆవిరైతే 200 లీటర్ల నుంచి దాదాపు 3 డిగ్రీలకి సరిపడా వేడి తీసుకుపోతుంది. ఇదే పని వైజాగ్ ఉక్కలో చేస్తే ఇంత ఫలితం రాదు.

అయితే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. ఫ్యాన్లు పెట్టాక రోజుకి 4, 5 లీటర్లు పోతున్నాయి. 4 లీటర్లు పోతే 35 కాస్తా 35.7. మూడు రోజులు ఊరెళ్లి వస్తే 37 దాటుతుంది. చేప తట్టుకుంటుంది, అనిమోన్ ముడుచుకుంటుంది. అందుకే ఏటీఓ, అంటే సంపులో నీటిమట్టం తగ్గగానే మంచినీళ్లు అందించే చిన్న సెన్సర్, పంపు.

ఇందులో నేను ఎక్కువ ఆలోచించింది సెన్సర్ గురించి కాదు, నీళ్ల డబ్బా సైజు గురించి. సెన్సర్ ఇరుక్కుపోయి డబ్బా మొత్తం ఒక్కసారి సంపులోకి వచ్చేస్తే? 20 లీటర్ల డబ్బా అయితే 35 నుంచి 31.8కి పడిపోతుంది. 12 లీటర్లది అయితే 33 దగ్గర ఆగుతుంది. ఆ నష్టం భరించవచ్చు. కాబట్టి 12 లీటర్లదే పెట్టి, రెండు రోజులకోసారి నింపుతున్నాను. ఎక్కువ రోజులు ఊరెళ్లాల్సి వస్తే పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చి గీత దాకా నింపుతారు. డబ్బా మీద ఆ గీత ఎర్ర టేపుతో వేశాను, "దీనికి పైన వద్దు ఆంటీ, కింద ఉన్నా ఫర్వాలేదు" అని చూపించాను.

మే రెండో వారానికి బోరు తగ్గి ట్యాంకర్లు మొదలయ్యాయి. ఒక ట్యాంకర్ టీడీఎస్ 700, ఇంకొకటి 1300. మెంబ్రేన్ తర్వాత 40 ఉండాల్సింది 70 వస్తోంది, డీఐ రెసిన్ మామూలు కంటే చాలా త్వరగా అయిపోతోంది. ఇక్కడ మీటర్‌ని పూర్తిగా నమ్మకూడదు. రెసిన్ అయిపోయే దశలో గట్టిగా పట్టు దొరకని సిలికా ముందుగా జారి వస్తుంది, టీడీఎస్ మీటర్‌కి అది కనపడదు. అద్దం మీద మళ్లీ గోధుమ రంగు పొర, అంటే సిలికాతో పెరిగే డయాటమ్స్, కనిపించిన రోజునే, మీటర్ ఇంకా 0 చూపిస్తున్నా, రెసిన్ మార్చేశాను. పొర వారంలో పోయింది.

ఆర్‌ఓ వదిలేసే నీళ్లు నాకు మనసులో గుచ్చుకునే విషయం. ఊరంతా ట్యాంకర్ల కోసం చూస్తుంటే, 1 లీటరు మంచినీటికి 3 లీటర్లు పక్కకి పోతాయి. ఆ పైపుని బాత్‌రూమ్ డ్రమ్ములోకి తిప్పాను. ఇల్లు తుడవడం, టాయిలెట్ ఫ్లష్ ఇప్పుడు దాంతోనే. ఉప్పు ఎక్కువ కాబట్టి కుండీ మొక్కలకి మాత్రం పోయడం లేదు.

ఒక సాయంత్రం గాలివానకి కరెంటు పోయి అర్ధరాత్రి దాకా రాలేదు. వేవ్‌మేకర్ ఒకటి ఇన్వర్టర్ మీద ఉంది, అది తిరుగుతూనే ఉంది. వేడినీళ్లలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, పైగా చీకట్లో అనిమోన్ కూడా ఆక్సిజన్ తీసుకునేదే. అందుకే కదలిక ఆగకపోవడం ముఖ్యం. ఫ్యాన్లు ఆగి ఉష్ణోగ్రత 28.5కి చేరింది. కరెంటు వచ్చాక ఐస్ వేసి ఒక్కసారిగా దించాలనే తొందర పడలేదు, ఫ్యాన్లతోనే తెల్లారేసరికి 26.8కి దిగింది. ఆ మర్నాడే నీళ్లు చల్లబరిచే చిన్న చిల్లర్ ఆర్డర్ పెట్టాను. దాని వేడి మళ్లీ హాల్లోకే రాకుండా బాల్కనీలో బిగించాల్సి వచ్చింది, పైపుల ఖర్చు పెరిగింది, పెరిగినా సరే.

జూన్

వాన పడగానే దోమలు. హాల్లో ప్లగ్గుకి పెట్టే దోమల మందు, స్ప్రే రెండూ ఆపించాను. వాటిలో ఉండే పైరెత్రాయిడ్లు నీటి ప్రాణులకి చాలా తక్కువ మోతాదులోనే విషం, స్కిమ్మర్ హాల్లో గాలిని నీళ్లలోకి లాగుతూనే ఉంటుంది. కిటికీలకి మెష్ కొట్టించాం. దాంతో ఇంకో లాభం కూడా వచ్చింది. ఏసీ కోసం ఇల్లంతా మూసి ఉన్నన్నాళ్లూ మన ఊపిరి కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి పీహెచ్ 7.9 దగ్గర తిరిగేది. రాత్రి కిటికీ తెరిచి ఉంచడం మొదలుపెట్టాక పొద్దున 8.1 వస్తోంది. పీహెచ్ పెంచే ద్రావణాలు అమ్ముతారు, ఆల్కలినిటీ సరిగ్గా ఉన్నప్పుడు వాటి అవసరం నాకు కనిపించలేదు.

నెలాఖరున అనిమోన్ వెడల్పుగా సాగి, నోటి దగ్గర గీత పడి, రెండు రోజుల్లో రెండైంది. అనిమోన్ బాధలో ఉన్నా చీలుతుంది, బాగా తిని ఎదిగినా చీలుతుంది. ఏదో తెలియడానికి రీడింగులే ఆధారం. గత నెలంతా లవణీయత 34.8కీ 35.2కీ మధ్యే ఉంది, చిల్లర్ వచ్చాక ఉష్ణోగ్రత అర డిగ్రీ దాటి కదల్లేదు, చీలకముందు అది 9 అంగుళాలు విచ్చుకుని ఉండేది. రెండు ముక్కలూ నోరు బిగించే ఉన్నాయి, వారానికి రెండూ రొయ్య పట్టాయి. ఎదుగుదలే అనుకుంటున్నాను.

ఆడ క్లౌన్ ఇప్పుడు పెద్దదాని అంచున పడుకుంటోంది.

జూలై

తేమ పెరిగి ఆవిరి రోజుకి 2 లీటర్లకి తగ్గింది. ఏటీఓ పంపు తక్కువ తిరుగుతోంది, ఫ్యాన్లు తీసేశాను, చిల్లర్ ఒక్కటే చాలు. వారానికి 20 లీటర్ల వాటర్ చేంజ్ అలాగే సాగుతోంది. కొత్త నీళ్లు ముందు రోజు కలిపి, ఉప్పూ వేడీ ట్యాంకుతో సరిపోయాకే పోస్తున్నాను. నీళ్లు శుభ్రం చేసే యాక్టివేటెడ్ కార్బన్ నెలకోసారి మారుతోంది.

రెండో అనిమోన్ కోసం కూకట్‌పల్లి నుంచి ఒకాయన అడిగారు. డబ్బులు వద్దు, కొన్నాళ్ల రీడింగులు పంపండి అన్నాను. పంపారు. నైట్రేట్, ఫాస్ఫేట్, ఆల్కలినిటీ అన్నీ నా వాటికంటే బాగున్నాయి. లవణీయత మాత్రం సోమవారం 34, శనివారం 36. ఏటీఓ లేదు, గుర్తొచ్చినప్పుడు మగ్గుతో పోస్తున్నారట. "మీ నీళ్లు బాగున్నాయండీ, ముందు ఏటీఓ ఒక్కటి పెట్టించండి, డబ్బా చిన్నదే కొనండి" అని చెప్పాను. మొన్న బిగించారు. ఆగస్టు చివరిదాకా ఆయన అంకెలు చూసి, లవణీయత నిలబడితే అప్పుడు ఇస్తాను. అందాకా చిన్నది మా ట్యాంకులోనే కుడి వైపు రాయి మీద ఉంటుంది.